మరిది వెబ్‌సైట్ పెట్టిస్తానంటున్నాడు, అంతా తన పేరు మీదే ఉండాలంటున్నాడు

ప్రశ్న

కావలి దగ్గరి పల్లె నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. వయసు 36. పద్నాలుగేళ్లుగా ఇంట్లోనే మిషన్ కుడుతున్నారు. భర్త చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో పని చేస్తారు, వారానికోసారి ఇంటికి వస్తారు. కరోనా లాక్‌డౌన్ రోజుల్లో జాకెట్ కటింగ్ నేర్పుతూ యూట్యూబ్‌లో వీడియోలు పెట్టడం మొదలుపెట్టారు. చూసినవాళ్లు పేపర్ కటింగ్ అడగడంతో 28 నుంచి 44 సైజు దాకా ప్యాటర్న్‌లు గీసి, పీడీఎఫ్‌లు చేయించారు. ఒక్కో సైజు 149 రూపాయలు, అన్నీ కలిపి 499. రోజుకు మూడు నాలుగు ఆర్డర్లు వాట్సాప్‌లోనే వస్తున్నాయి.

"డబ్బులు వస్తున్నాయి గానీ నిద్ర లేదు" అంటున్నారు. రాత్రి పదకొండు దాటాక కూడా "అక్కా, డబ్బులేశా, ఫైల్ పంపు" అని మెసేజీలు. పది నిమిషాలు ఆలస్యమైతే మోసమని తిట్లు. "ఇంత రాత్రేళ ఆ ఫోనేంది" అని అత్తగారి సణుగుడు. పోయిన నెల ఒకరు 499 కట్టినట్టు స్క్రీన్‌షాట్ పంపితే నమ్మి అన్ని సైజులూ పంపేశారు. తెల్లారి చూస్తే ఖాతాలో ఆ డబ్బు లేదు. వారం తిరక్కుండానే ఒక టెలిగ్రామ్ గ్రూపులో తన ప్యాటర్న్‌లన్నీ ఉచితంగా కనిపించాయి. ఇవి చాలవన్నట్టు, కొన్నవాళ్లలో కొందరు "మీ కొలతలు తప్పు, జాకెట్ బిగుతైంది" అని డబ్బు వెనక్కి అడుగుతున్నారు. అన్నీ తను కుట్టి సరిచూసిన కొలతలే, తప్పెక్కడో అర్థం కావడం లేదు.

నెల్లూరులో కంప్యూటర్ సెంటర్‌లో పనిచేసే మరిది వెబ్‌సైట్ చేసిపెడతానని ముందుకొచ్చాడు. 40,000 అడిగాడు. డొమైన్, అంటే సైట్ చిరునామా, అప్పుడే తన పేరున కొనేశాడు. డబ్బు తన ఖాతాకి వస్తుందని, నెలాఖరున లెక్కగట్టి సగం ఇస్తానని అంటున్నాడు. ఈమె వెనకాడితే "ఏంది వదినా, నేనేమన్నా పరాయోడినా?" అని మొహం మాడ్చుకున్నాడు. భర్తేమో "ఇంట్లోవాడే కదా, నీకెందుకా తలనొప్పి" అంటున్నారు. ఆయనకి జీఎస్టీ భయం, ఖాతా ఫ్రీజ్ అవుతుందన్న భయం కూడా ఉన్నాయి. సైట్ పెడితే దొంగతనం ఆగుతుందా, అసలు పెట్టాలా వద్దా, మరిదితో తగువు రాకుండా ఎట్లా అని అడుగుతున్నారు.

సమాధానం

అమ్మా, ముందు "కొలతలు తప్పు" అన్న మాట సంగతి తేల్చుకుందాం. సైట్ పెట్టినా పెట్టకపోయినా మిమ్మల్ని వెంటాడేది అదే. మీ కొలతల్లో తప్పుండకపోవచ్చు. తప్పు జిరాక్స్ షాపులో జరుగుతోంది. మీ పీడీఎఫ్ ఏ4 కాగితం అంచుల దాకా గీసి ఉంటే, ప్రింటర్ అంచుల్లో కొంత మేర వేయలేదు కాబట్టి "ఫిట్ టు పేజ్" అనే సెట్టింగ్ బొమ్మ మొత్తాన్ని కుదించేస్తుంది. చాలా కంప్యూటర్లలో అది ముందే ఎంచి ఉంటుంది. షాపు అబ్బాయికి అది ఉత్తరమో ప్యాటర్నో తెలియదు, నొక్కేస్తాడు. 95 శాతానికి కుదించుకుపోయిందనుకోండి, చూపుకి తేడా తెలియదు. కానీ 36 ఛాతీ 34.2 అవుతుంది. 15 అంగుళాల పొడవు పద్నాలుగుంపావుకి దిగుతుంది. చంక రౌండ్ కూడా అదే లెక్కన తగ్గుతుంది. ఆ జాకెట్ ఎవరికి పడుతుంది?

దీనికి విరుగుడు చిన్నదే. ప్రతి పేజీ చుట్టూ కనీసం ఒకటిన్నర సెంటీమీటరు ఖాళీ వదలండి. మొదటి పేజీలో సరిగ్గా 10 సెంటీమీటర్ల చతురస్రం ఒకటి గీసి, పక్కనే పెద్ద అక్షరాలతో "ముందు ఈ ఒక్క పేజీ ప్రింట్ తీసి టేపుతో కొలవండి. 10 వస్తేనే మిగతావి తీయండి. 9.5 వస్తే ప్రింటర్‌లో యాక్చువల్ సైజ్, 100 శాతం అని పెట్టించండి" అని రాయండి. అంగుళాల్లో కాకుండా సెంటీమీటర్లలో పెట్టమనడానికి కారణముంది. 95 శాతం దగ్గర పదికి అర సెంటీమీటరు తగ్గుతుంది, టేపు వెనక వైపు అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఇంకో ఫైల్ కూడా ఇవ్వండి: ముక్కలు అతికించే పని లేకుండా, పెద్ద కాగితం మీద ఒకే షీటుగా వేసుకునేది. ప్లాన్‌లు ప్రింట్ చేసే షాపుల్లో అది వేస్తారు. కుట్టు సెంటర్లు నడిపేవాళ్లు దాన్నే ఇష్టపడతారు.

పీడీఎఫ్ డీటీపీ షాపులో చేయించారేమో చూసుకోండి. డీటీపీవాళ్లు వాడే అను అనే తెలుగు ఫాంట్లతో చేసి, ఫాంట్‌ని ఫైల్‌లో పొదగకపోతే కొన్నవాళ్ల దగ్గర "ముందు భాగం", "టక్కు" లాంటి మాటలన్నీ పిచ్చి గీతలైపోతాయి. చేసినవాళ్లని ఫాంట్లు ఎంబెడ్ చేసి ఇవ్వమనండి, మీ కంప్యూటర్‌లో కాకుండా వేరేవాళ్ల ఫోన్‌లో తెరిచి చూడండి. సైజులన్నీ కలిపి జిప్ చేసి ఇవ్వొద్దు. ఫోన్‌లో జిప్ విప్పడం చాలామందికి రాదు, "ఫైల్ ఓపెన్ కావట్లేదు" అనే ఫోన్లు సగం దానివల్లే వస్తాయి. ఫైల్ పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టండి, తెలుగు పేర్లు కొన్ని సర్వర్లలో చెడిపోతాయి.

ఇక రాత్రిళ్ల మెసేజీలు, దొంగ స్క్రీన్‌షాట్లు. ఈ రెండింటికీ మూలం ఒకటే: డబ్బు పడిందని తేల్చేది మీరు, ఫైల్ పంపేది మీరు. ఫోన్‌పే, గూగుల్ పే తెరల్ని అచ్చంగా అనుకరించే యాప్‌లున్నాయి, కాబట్టి స్క్రీన్‌షాట్ ఎప్పుడూ రుజువు కాదు, మీ ఖాతాలో పడిందే రుజువు. ఈ పని పేమెంట్ గేట్‌వే చేస్తుంది. కొనేవాళ్లు యూపీఐలో కడితే గేట్‌వే తేల్చుకుంటుంది, సైట్ ఫైల్ ఇచ్చేస్తుంది, మీరు నిద్రపోవచ్చు. రేజర్‌పే, క్యాష్‌ఫ్రీ, పేయూ లాంటివి ఇందుకే ఉన్నాయి. కోత సుమారు 2 శాతం, ఆ కోత మీద 18 శాతం జీఎస్టీ. 149కి మూడున్నర రూపాయలు, 499కి పన్నెండు రూపాయల లోపు పోతుంది. డబ్బు మామూలుగా రెండు పనిదినాల్లో ఖాతాకి వస్తుంది.

అమ్మడానికి మూడు దారులున్నాయి.

ఒకటి, వెబ్‌సైట్ లేకుండా గేట్‌వే వాళ్లదే ఒక పేమెంట్ పేజీ. లింకు వాట్సాప్‌లో, యూట్యూబ్ వీడియో కింద పెడతారు. దొంగ స్క్రీన్‌షాట్ గొడవ దాంతోనే తీరిపోతుంది. కట్టగానే ఫైల్ దానంతటదే వెళ్లే సదుపాయం ఆ పేజీలో ఉందో లేదో ముందే చూసుకోవాలి. లేకపోతే పంపే పని మళ్లీ మీదే. ఉన్నా కూడా ఫైల్ మీద కొన్నవాళ్ల పేరు పడదు, లింకు ఎవరికైనా ఇచ్చేయొచ్చు. రోజుకు నాలుగు ఆర్డర్ల స్థాయిలో రెండు మూడు నెలలు దీనితో నెట్టుకురావచ్చు.

రెండోది షాపిఫై లాంటి రెడీమేడ్ దుకాణం. టెక్నికల్ తలనొప్పి తక్కువ. ఫైళ్లు ఇచ్చే యాప్ ఉచితంగానే ఉంటుంది. కానీ అమ్మినా అమ్మకపోయినా నెలనెలా సుమారు రెండు వేలు కట్టాలి. వాళ్ల సొంత పేమెంట్ సదుపాయం మన దేశంలో లేదు కాబట్టి, గేట్‌వే కోతతో పాటు బేసిక్ ప్లాన్‌లో షాపిఫై ఇంకో 2 శాతం తీసుకుంటుంది. మీకు నెలకు 120 ఆర్డర్లు, సగటున 200 చొప్పున 24,000 వస్తుందనుకుంటే, అందులో దాదాపు పదోవంతు దీనికే పోతుంది. చీరలు, మెటీరియల్ కూడా అమ్మే ఆలోచన ఉంటే సరే, ఒక్క పీడీఎఫ్‌లకి ఎక్కువ. యూట్యూబ్‌లో చాలామంది చెప్పే విదేశీ సైట్ల జోలికి వెళ్లకండి. వాటిలో ఎక్కువ భాగం పేపాల్, స్ట్రైప్ అనే విదేశీ చెల్లింపు కంపెనీల మీద నడుస్తాయి. పేపాల్ 2021 ఏప్రిల్ 1 నుంచి మన దేశం లోపల జరిగే చెల్లింపులే ఆపేసింది. యూపీఐ లేని చోట కందుకూరు అమ్మాయి 149 ఎలా కడుతుంది?

మూడోది సొంత హోస్టింగ్ మీద, అంటే సైట్ ఉంచడానికి అద్దెకు తీసుకునే చోట, వర్డ్‌ప్రెస్ అనే సైట్ కట్టే సాఫ్ట్‌వేర్, దానిలో దుకాణం నడిపే వూకామర్స్. మీ మరిది మనసులో ఉన్నది ఇదే అయ్యుంటుంది. వూకామర్స్ ఉచితం, గేట్‌వేని సైట్‌కి కలిపే ప్లగిన్లు (సైట్‌కి అదనపు పని జోడించే చిన్న ప్రోగ్రాములు) ఉచితం, సైట్‌కి తాళం గుర్తు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ ఉచితం. డొమైన్‌కి ఏడాదికి వెయ్యి అటూ ఇటూ, మామూలు హోస్టింగ్‌కి మూడు నుంచి అయిదు వేలు. మొదటి ఏడాది తక్కువ చెప్పి రెన్యువల్‌కి రెట్టింపు అడిగే కంపెనీలు ఎక్కువ, రెన్యువల్ ధర చూసి కొనండి. కొన్నవాళ్ల పేరు ముద్రించే ప్లగిన్ ఒక్కటి డబ్బు పెట్టి కొనాల్సి రావచ్చు. అంతా కలిపినా సామాను ఖర్చు పది వేల లోపే. అంటే 40,000లో పెద్ద వాటా పనితనానికి. పనికి డబ్బు ఇవ్వాల్సిందే, అందులో నాకు సందేహం లేదు. కాకపోతే దేనికెంతో విడివిడిగా కాగితం మీద రాయించుకోండి. ప్లగిన్లు, సైట్ రూపాన్ని ఇచ్చే థీములు అసలువేనా అని అడగండి. "నల్డ్" అని పిలిచే దొంగ కాపీలు పెడితే వాటితో పాటు వైరస్ వస్తుంది. ఒకరోజు మీ కొనుగోలుదారులు మీ సైట్ తెరిస్తే జూదం సైట్ తెరుచుకుంటుంది, గేట్‌వే మీ ఖాతా ఆపేస్తుంది.

మూడో దారిలో జనం ఎక్కడ దెబ్బతింటారో కొంచెం వివరంగా చెప్తాను. ఇవి మీకు తెలిసి ఉంటే చేసేవాళ్లు ఎవరైనా సరిగ్గా చేయించుకోగలరు.

వూకామర్స్‌లో వస్తువు పెట్టేటప్పుడు "వర్చువల్", "డౌన్‌లోడబుల్" అని రెండు టిక్కులుంటాయి. రెండూ పెట్టాలి. డౌన్‌లోడబుల్ ఒక్కటే పెడితే, డబ్బు వచ్చాక కూడా ఆర్డర్ "ప్రాసెసింగ్" దగ్గరే ఆగుతుంది. పార్సిల్ పంపాల్సింది ఇంకా ఉందని అది అనుకుంటుంది. మీరు చేత్తో "కంప్లీటెడ్" అని మార్చాల్సి వస్తే సైట్ పెట్టి లాభమేముంది? అక్కడే డౌన్‌లోడ్ పద్ధతి అని ఒక సెట్టింగ్ ఉంటుంది. "రీడైరెక్ట్" అని ఉంటే ఫైల్ అసలు చిరునామా బయటపడిపోతుంది, ఆ లింకు ఎవరు నొక్కినా దిగుతుంది. "ఫోర్స్ డౌన్‌లోడ్స్" పెట్టించండి. హోస్టింగ్ ఎన్‌జిన్ఎక్స్ (Nginx) అనే రకం సర్వర్ మీద ఉంటే వూకామర్స్ ఫైళ్ల ఫోల్డర్‌కి మామూలుగా ఉండే కాపలా పనిచేయదు, హోస్టింగ్ వాళ్లని అడిగి ఆ ఫోల్డర్ మూయించాలి. డౌన్‌లోడ్ ఎన్నిసార్లు అన్న చోట 1 పెట్టకండి. ఇంట్లో ఫోన్‌లో ఒకసారి, జిరాక్స్ షాపులో ఒకసారి, ఫోన్ మారాక ఒకసారి దించుకుంటారు. 5 సార్లు, 30 రోజులు పెడితే ఫిర్యాదులు రావు.

అన్నిటికన్నా ఎక్కువ మందిని ముంచేది మరొకటి. కొనేవాళ్లు మీ సైట్ నుంచి ఫోన్‌పేకి వెళ్లి డబ్బు కట్టి, బ్రౌజర్‌కి తిరిగి రాకుండా అక్కడే ఆగిపోతారు. డబ్బు కట్టేశాం కదా అనుకుంటారు. వాళ్లు తిరిగొస్తేనే ఆర్డర్ పూర్తయ్యేలా సైట్ కడితే, డబ్బు గేట్‌వేలో ఉంటుంది, ఆర్డర్ "పెండింగ్"లో ఉంటుంది, మీకు రాత్రి పదకొండింటికి తిట్లు వస్తాయి. దీనికి వెబ్‌హుక్ పెట్టించాలి. అంటే కొన్నవాళ్ల బ్రౌజర్‌తో పని లేకుండా గేట్‌వే నేరుగా మీ సైట్‌కి పంపే కబురు. గేట్‌వే డ్యాష్‌బోర్డ్‌లో మీ సైట్ చిరునామా, ఒక రహస్య పదం ఇస్తే అయిపోతుంది. అలాగే పేమెంట్ "ఆథరైజ్డ్" (బ్యాంకు ఒప్పుకుంది) దగ్గర ఆగకుండా వెంటనే "క్యాప్చర్" (డబ్బు మీ లెక్కలోకి తీసుకోవడం) అయ్యేలా ఉండాలి. క్యాప్చర్ కాని డబ్బు కొద్దిరోజుల్లో కట్టినవాళ్లకే వెనక్కి పోతుంది, ఫైల్ మాత్రం వాళ్ల దగ్గరుంటుంది.

ఇది సరిగ్గా ఉందో లేదో మీరే పరీక్షించొచ్చు. రూపాయి ధరతో ఒక వస్తువు పెట్టించండి. మీ పొరుగామె ఫోన్‌లో కొనండి. ఫోన్‌పేలో పిన్ కొట్టి "సక్సెస్" పడగానే బ్రౌజర్‌ని పూర్తిగా మూసేయండి. రెండు నిమిషాల్లో మెయిల్‌లో లింకు వస్తే వెబ్‌హుక్ పనిచేస్తోంది. రాకపోతే ఎవరు ఎంత బాగుందన్నా ఆ సైట్ తెరవొద్దు, మిగతా డబ్బు ఇవ్వొద్దు.

మెయిల్ మాటకొస్తే, మన దగ్గర కొనేవాళ్లలో చాలామందికి మెయిల్ ఐడీ ఉందని తెలుసు గానీ అక్షరాలు గుర్తుండవు. అందుకే కట్టిన వెంటనే వచ్చే పేజీలోనే పెద్ద డౌన్‌లోడ్ బటన్ ఉండాలి. మెయిల్ ఐడీ రెండుసార్లు టైపు చేయించాలి. ఇంటి నంబరు, వీధి, పిన్‌కోడ్ అడిగే గళ్లన్నీ తీయించేయండి, పీడీఎఫ్‌కి వీధి ఎందుకు? పేరు, ఫోన్, మెయిల్, రాష్ట్రం చాలు. మెయిళ్లు స్పామ్‌లో పడకుండా ఆ మెయిల్ నిజంగా మీ డొమైన్ నుంచే వచ్చిందని చూపే ఎస్‌పీఎఫ్, డీకిమ్ అనే రికార్డులు పెట్టించాలి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ ఈ విషయంలో గట్టిగా ఉంటున్నాయి. అవి లేని సైట్ మెయిళ్లు చాలావరకు చేరవు.

గేట్‌వే మీ సైట్‌ని ఆమోదించే ముందు కొన్ని పేజీలు చూస్తుంది: సంప్రదించాల్సిన వివరాలు, నిబంధనలు, ప్రైవసీ, రిఫండ్, ఫైల్ ఎలా అందుతుందన్నది, ధరలు రూపాయల్లో. రిఫండ్ పేజీ నిజాయితీగా, తెలుగులో రాయండి. ఫైల్ దిగాక డబ్బు వెనక్కి లేదు. తెరుచుకోకపోతే వేరేది ఇస్తాం లేదా డబ్బు ఇస్తాం. సైజు పొరపాటున కొంటే ఒకసారి ఉచితంగా మారుస్తాం. ఆ చివరి వాక్యం మీకు ఖర్చు లేనిది, గొడవలు మాత్రం బాగా తగ్గిస్తుంది. 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో తేల్చాలి. ఎవరైనా బ్యాంకులో "నేను కొనలేదు" అని వివాదం వేస్తే, ఏ సమయంలో ఎన్నిసార్లు దించుకున్నారో వూకామర్స్‌లో నమోదై ఉంటుంది, అదే మీ సాక్ష్యం.

దొంగతనం ఆగుతుందా అన్నారు. పూర్తిగా ఆగదమ్మా. ప్రింట్ తీయగల ఫైల్‌ని ఫార్వర్డ్ చేయకుండా ఆపే తాళం లేదు. పాస్‌వర్డ్ పెడితే ఫైల్‌తో పాటు పాస్‌వర్డ్ కూడా ఫార్వర్డ్ అవుతుంది, జిరాక్స్ షాపులో తెరుచుకోక ఇబ్బంది పడేది మాత్రం డబ్బిచ్చి కొన్నామె. చేయగలిగింది పంచుకునేవాళ్లకి మొహమాటం కలిగించడం. ప్రతి పేజీ మీదా కొన్నవాళ్ల పేరు, ఆర్డర్ నంబరు పడేలా చేయించండి. అంచున వేస్తే కత్తిరించేస్తారు, వెనక భాగం ముక్క మధ్యలో లేత బూడిద రంగులో పడాలి. ఫోన్ నంబరు వేయొద్దు, ఫైల్ బయటికి పోతే ఆమెకి వేధింపులు మొదలవుతాయి. చివరి పేజీలో మీ సైట్ చిరునామా, కొత్త మోడళ్ల జాబితా ఉంచండి. అలా తిరిగే కాపీ కొందరినైనా మీ దగ్గరికే తెస్తుంది.

ఇప్పుడు కనిపించిన గ్రూపు మీద టెలిగ్రామ్ యాప్‌లోనే కాపీరైట్ కారణంతో రిపోర్ట్ చేయండి. మీరు గీసిన అసలు ఫైళ్ల తేదీలు, వీడియో తేదీలు దాచుకోండి. 2022 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు ఒక కోచింగ్ టీచర్ మెటీరియల్ పంచిన ఛానళ్లవాళ్ల వివరాలు ఇవ్వాలని టెలిగ్రామ్‌ని ఆదేశించింది కూడా. కాబట్టి చట్టం మీ వైపే ఉంది. కానీ రోజూ ఆ గ్రూపుల వెంట పడితే కుట్టు ఆగిపోతుంది. నెలకోసారి వెతికి రిపోర్ట్ చేసి వదిలేయండి. కాపీ చేసేవాళ్లు ఇవ్వలేనిది ఒకటుంది: ఛాతీ 38, నడుము 34 ఉంటే ఏ సైజు తీసుకుని ఎక్కడ సర్దాలో మీరు చెప్పగలరు. కొన్నవాళ్లకి వారంలో ఒక గంట సందేహాలు తీరుస్తానని సైట్‌లో రాయండి.

మీ ఇంటాయన భయాలు. అమ్మేది పీడీఎఫ్ కాబట్టి జీఎస్టీ లెక్కలో ఇది సేవ. మన రాష్ట్రంలో సేవలకి ఏడాదికి 20 లక్షల అమ్మకం దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. వేరే రాష్ట్రాలవాళ్లు కొన్నా సేవల విషయంలో ఇదే మినహాయింపు, 2017 అక్టోబరు నుంచి ఉంది. ఆ 20 లక్షల్లో మీ పాన్ మీద వచ్చే కుట్టుకూలి కూడా కలుస్తుంది. మీ లెక్కన పీడీఎఫ్‌లు ఏడాదికి మూడు లక్షల లోపు, కుట్టు కలిపినా చాలా దూరం. రిజిస్ట్రేషన్ లేనివాళ్లు బిల్లులో జీఎస్టీ వసూలు చేయకూడదు, అదొక్కటి గుర్తుంచుకోండి. ఆదాయపు పన్ను రిటర్న్ మాత్రం వేయించండి. డిజిటల్‌గా వచ్చిన అమ్మకంలో 6 శాతాన్ని లాభంగా చూపే తేలిక పద్ధతి ఉంది, ఆడిటర్‌ని అడగండి. రేపు బ్యాంకులో ముద్ర లోన్‌కి ఆ రిటర్నే పనికొస్తుంది. గల్ఫ్, అమెరికాలో ఉన్నవాళ్లకి అమ్మే రోజు వస్తే దానికి గేట్‌వే దగ్గర వేరే అనుమతి తీసుకోవాలి.

ఖాతా ఫ్రీజ్ భయం ఊరికే పుట్టింది కాదు. ఎక్కడో మోసం చేసిన డబ్బు చేతులు మారి మీ ఖాతాలో పడితే, పోగొట్టుకున్నవాళ్లు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేసినప్పుడు ఆ మొత్తాన్ని, ఒక్కోసారి ఖాతానే బ్యాంకు ఆపుతుంది. ముక్కూమొహం తెలియని నూరు మంది నేరుగా మీ యూపీఐకి కట్టే ఇప్పటి పద్ధతిలోనే ఆ ప్రమాదం ఎక్కువ. గేట్‌వే ద్వారా వస్తే ప్రతి రూపాయికీ ఒక ఆర్డర్ నంబరు, ఒక డౌన్‌లోడ్ రికార్డు ఉంటాయి. అయినా ఇంటి ఖర్చుల ఖాతా వేరు, దీనికి వేరు ఉంచుకోండి.

ఇక మరిది విషయం. అతని మీద అనుమానంతో చెప్పడం లేదు. పని వచ్చిన పిల్లవాడు ఇంట్లో ఉండటం మీకు మేలే. కానీ అతను అడిగిన పద్ధతిలో నాలుగు తాళాలూ అతని దగ్గరుంటాయి: డొమైన్, హోస్టింగ్, గేట్‌వే, కొన్నవాళ్ల జాబితా. డబ్బు అతని ఖాతాకి వస్తే అది అతని పాన్ మీద ఆదాయం, పన్ను చిక్కు అతనిది, మీ పేరున మాత్రం రూపాయి సంపాదించిన రుజువు ఉండదు. రేపు అతనికి బెంగళూరులో ఉద్యోగం వచ్చినా, పెళ్లయి లెక్కలు మారినా, మీ వ్యాపారం ఆగిపోతుంది. ఎవరూ చెడ్డవాళ్లు కానక్కర్లేకుండానే ఇలా జరుగుతుంది.

మీరు మూడు రకాలుగా పోవచ్చు. అతనికి పనికి ఇంతని ఇచ్చి, ఆ తర్వాత నెలకు ఇంతని చూసుకోవడానికి ఇవ్వొచ్చు. డొమైన్, హోస్టింగ్ మీ మెయిల్‌తో, ఓటీపీ మీ ఫోన్‌కి, గేట్‌వే మీ పాన్, మీ ఖాతాతో ఉండాలి. అతనికి వర్డ్‌ప్రెస్‌లో వేరే లాగిన్ ఇవ్వండి. సైట్ కట్టేటప్పుడు అడ్మిన్, పూర్తయ్యాక "షాప్ మేనేజర్" చాలు. నేనైతే దీనివైపే మొగ్గుతాను. లేదా అతన్ని నిజంగానే భాగస్వామిని చేసుకోవచ్చు. వీడియోలు ఎడిట్ చేస్తాడు, కొనేవాళ్ల ఫోన్లు చూసుకుంటాడు అంటే వాటా అడగడం న్యాయమే. అప్పుడు కూడా ప్యాటర్న్‌లు మీవే అని, ఏ ఖర్చులు పోగా ఎంత శాతం, ఎప్పటిదాకా అన్నది కాగితం మీద ఉండాలి. సైట్ కట్టినందుకే శాశ్వతంగా సగం అంటే, పద్నాలుగేళ్ల మీ చేతిపనికీ పదిహేను రోజుల అతని పనికీ ఒకే విలువ కట్టినట్టు. మూడోది, ప్రస్తుతానికి పేమెంట్ పేజీతో నడిపి, సైట్ సంగతి ఆరు నెలల తర్వాత చూడటం. ఇంట్లో మాట నెమ్మదిస్తుంది, అమ్మకం ఎంత నిలకడగా ఉందో తెలుస్తుంది, మెసేజీల పని మాత్రం కొంత మిగులుతుంది.

మాట ఎలా కదపాలన్నారు కదా. మీరొక్కరే కాకుండా ఆయన ఇంటికి వచ్చిన ఆదివారం ముగ్గురూ కూర్చోండి. "నువ్వు పరాయోడివని కాదబ్బాయ్, గేట్‌వేవాళ్లు అమ్మేవాళ్ల పాన్ అడుగుతారు, అమ్మేది నేను" అనండి. అది అబద్ధం కూడా కాదు. ఫైళ్లు మీవై, ఖాతా ఇంకొకరిదైతే వివాదం వచ్చినప్పుడు గేట్‌వేకి జవాబు చెప్పుకోవాల్సింది అతనే. ఆ మాట అతని మేలు కోరి చెప్పినట్టే చెప్పండి. 40,000లో ఎంత ముందు, ఎంత రూపాయి పరీక్ష నెగ్గాక అన్నది అప్పుడే తేల్చుకోండి. బ్యాకప్ వారానికోసారి మీ గూగుల్ డ్రైవ్‌కి రావాలన్నది కూడా ఆ కాగితంలో ఉండాలి.

అతను ఇప్పటికే కొన్న డొమైన్ కోసం పంతం వద్దు. అదే కంపెనీలో మీ పేరున ఖాతా తెరిస్తే అతని ఖాతా నుంచి మీ ఖాతాకి మార్చడం చిన్న పని, అతను పెట్టిన డబ్బు ఇచ్చేయండి. మార్చడానికి ఇష్టపడకపోతే ఇంకో పేరు కొనుక్కోండి. ఇప్పటిదాకా మీ వీడియోల కింద ఆ చిరునామా పెట్టలేదు కాబట్టి పోయేది వెయ్యి రూపాయలే. అది పెట్టి ఏడాది గడిచాక, కొన్నవాళ్లందరికీ ఆ పేరే అలవాటయ్యాక ఈ మాట ఎత్తడం కష్టం, అందుకే ఈ ఆదివారమే అడగండి.